పదకొండు బాణాలు

గురువారం ఉదయం ఏడున్నరకు ఆ ఇంట్లో రోజూ జరిగేదే జరుగుతోంది. కొడుకు స్నానాల గదిలో ఉన్నాడు. బయట తండ్రి భుజాన తువ్వాలుతో తలుపు కొడుతున్నాడు. వంటగదిలో తల్లి టీ మరిగిస్తూ పాట పాడుకుంటోంది. ముందు గదిలో కోడలు ఒక తెల్లగుడ్డను కుట్టుమిషను పక్కన బల్ల మీద పరిచి ఇస్త్రీ చేస్తోంది.

తండ్రి చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో చెకింగ్ మాస్టరు. ఇరవై తొమ్మిదేళ్ళుగా అదే పని. కుట్టిన చొక్కా ఆయన బల్ల మీదకు వస్తుంది. ఆయన దాన్ని వెలుతురులో తిప్పి చూస్తాడు. కుట్టు తప్పిన చోట, కాజా జారిన చోట ఎర్ర బాణం గుర్తున్న స్టిక్కరు అంటిస్తాడు. బాణం ఉన్న చొక్కా వెనక్కి పోతుంది, లేనిది పెట్టెలోకి పోతుంది. బాగున్న చొక్కాకు అంటించడానికి ఫ్యాక్టరీ ఆయనకు ఏ స్టిక్కరూ ఇవ్వలేదు. అక్కడ అందరూ ఆయన్ని బాణాలాయన అంటారు. ఆ పేరు వీధిదాకా వచ్చింది, చర్చిదాకా వచ్చింది. ఎదురుగా మాత్రం భార్య ఒక్కతే అంటుంది.

వాళ్ళ చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పెట్టే ప్రభువు బల్ల మీద పరిచే గుడ్డను ఏడాదికి ఒక ఇంటివాళ్ళు కుట్టి ఇస్తారు. కొని తేకూడదు. ఆ ఇంటి చేతులే కుట్టాలి. ఈ ఏడు వంతు వీళ్ళకు వచ్చింది. కోడలు కాపురానికి వచ్చి ఎనిమిది నెలలైంది. కుట్టుపని నేర్చుకుని వచ్చిన పిల్ల. ముందు గదిలో వీధి వైపు కిటికీ దగ్గర టైలరింగ్ పెట్టుకోవాలని ఆమె ఆశ. ఈ గుడ్డ చూస్తే నలుగురూ తన పని తెలుసుకుంటారని భర్తతో అన్నది. ఆరు వారాలు కుట్టింది. మధ్యలో ద్రాక్షగుత్తి, దాని చుట్టూ గోధుమ కంకులు, నాలుగు వైపులా చేతితో వేసిన అంచు. ఆదివారం పరచాలి.

ఎనిమిదింటికి పాస్టరమ్మగారు స్కూలుకు వెళ్తూ ఆగింది. వెంట స్త్రీల సమాజం నుంచి మరో ఇద్దరు.

"వందనాలండీ! గుడ్డ అయిపోయిందటగా. ఒక్కసారి చూసి పోదామని."

కోడలు గుడ్డను విప్పి పట్టుకుంది. ముగ్గురూ దగ్గరికి వచ్చారు.

"ఓరి దేవుడా, ఈ గింజలు చూడు," అన్నది ఒకామె. "నోట్లో వేసుకునేట్టున్నాయి."

అప్పుడే బాణాలాయన ఫ్యాక్టరీకి తయారై వచ్చాడు. చొక్కా జేబులో ఎప్పటిలాగే స్టిక్కర్ల షీటు ఉంది. "ఏదీ, ఇటివ్వు," అని గుడ్డ అందుకుని బల్ల మీద పరిచాడు. పాస్టరమ్మగారు పిల్లల పరీక్షల గురించి చెబుతోంది. ఆయన ఆమెకు ఊకొడుతూనే ఉన్నాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. అంచు పట్టుకుని జరుపుకుంటూ పోయాడు. ఆగాడు. షీటు తీశాడు. అంటించాడు. మళ్ళీ జరిపాడు.

పాస్టరమ్మగారు మాట మధ్యలో ఆగిపోయింది. తెల్లగుడ్డ మీద పదకొండు ఎర్ర బాణాలు ఉన్నాయి.

ఆ నిశ్శబ్దానికి ఆయన తలెత్తి చూశాడు. చూసి, ఏం జరిగిందో అర్థం కాక, "కుట్టు దూరం దూరం పడింది. సరి చూసుకోవాలి," అన్నాడు.

వంటగదిలోంచి అత్తగారు టీ పళ్ళెంతో వస్తున్న చప్పుడైంది. కోడలు గబుక్కున గుడ్డను లోపలికి మడిచేసింది.

"మళ్ళీ కుడతాను మామయ్యగారూ. తప్పులు నావే," అన్నది.

ముగ్గురు ఆడవాళ్ళూ నిలబడే టీ తాగి వెళ్ళిపోయారు. కోడలు కుట్టుమిషను మీద మూత పెట్టి, పైన పూలకుండీ పెట్టింది.

సాయంత్రం ఆయన ఇంటికి వచ్చేసరికి కొడుకు ముందు గదిలోనే కూర్చుని ఉన్నాడు. కోడలు మేడ మీద బట్టలు తీస్తోంది.

"నాన్నా, ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకూడదు."

"అడగబోయేది కోపం వచ్చేదన్నమాట."

"ఆరు వారాలు కుట్టింది. ఒక్క మాట బాగుందని అనకుండా, పరాయివాళ్ళ ముందు స్టిక్కర్లా? ఇక సూది ముట్టుకోనంటోంది. టైలరింగూ వద్దు, ఏమీ వద్దంటోంది. ఆదివారం కొన్న గుడ్డే పరచమను అంటోంది."

"బాగుందని అనకపోవడమేమిటి? బాణం లేని చోటంతా బాగున్నట్టే కదా!"

కొడుకు తండ్రి వంక చూశాడు. "నేను బొమ్మలు వేయడం ఎందుకు మానేశానో తెలుసా?"

"చదువు ఎక్కువై మానేశావు."

"ఎనిమిదో తరగతిలో గుర్రం వేసి మీకు చూపించాను. వెనక కాలు పొట్టి అన్నారు."

"పొట్టే. నాకింకా గుర్తుంది."

"అదే నా ఆఖరి బొమ్మ నాన్నా."

భార్య వంటగది గుమ్మంలోకి వచ్చింది. చేతిలో గరిటె ఉంది.

"నేనూ ఒకటి అడుగుతాను. ముప్పై ఒక్క ఏళ్ళ నుంచి మీకు వండి పెడుతున్నాను. బాగుందన్న రోజు ఒక్కటి చెప్పండి, చాలు."

"తిన్నాను కదా!"

"ఆకలైతే ఎవరైనా తింటారు."

"చూడు," అన్నాడాయన, ఈసారి నిదానంగా. "మనిషిని పొగిడితే గర్వం వస్తుంది. స్తుతి దేవుడికే చెందాలి. నేను నమ్మేది అదీ."

"ఆహా. చర్చిలో మీకంటే గట్టిగా స్తుతి పాటలు పాడేవాడు లేడు. కిటికీ అద్దాలు అదురుతాయి. ఆ దేవుడు చేసిన పిల్ల మన ఇంట్లో ఉంటే దానికి ఒక్క మాట రాదా? మిమ్మల్ని పొగడమన్నదెవరు బాణాలాయనా? చూడమన్నాను. ఒక్కసారి బాగున్నది కూడా చూడండి!"

రాత్రి అన్నానికి కూర్చున్నారు. కోడలు వడ్డించింది. "ఇంకొంచెం వేయనా మామయ్యగారూ?" అని ఎప్పటిలాగే అడిగింది. ఆ గౌరవానికి ఆయన సగం అన్నంలోనే లేచి చేయి కడుక్కున్నాడు.

శుక్రవారం పొద్దున్నే ఆయన మారిన మనిషై లేచాడు. టీ గ్లాసు అందుకుని, పెదవికి ఆనకముందే, "టీ అద్భుతం," అన్నాడు.

భార్య పొయ్యి దగ్గర నుంచి వెనక్కి తిరిగింది.

"చొక్కా ఇస్త్రీ బ్రహ్మాండంగా ఉంది."

"అది నిన్న విప్పిన చొక్కా నాన్నా," అన్నాడు కొడుకు.

ఆయన కంగారుపడలేదు. కోడలి వైపు తిరిగి, "అమ్మా, గుడ్డ చాలా బాగా కుట్టావు. పువ్వులు చాలా బాగున్నాయి," అన్నాడు.

"పువ్వులు లేవు మామయ్యగారూ," అన్నది కోడలు. "ద్రాక్షపళ్ళు."

కొడుకు నోట్లో టీ బయటికొచ్చింది. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోడలు కూడా నవ్వింది గానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"మీరు నా కోసం చెప్తున్నారు. నాకు తెలుసు. చూడకుండా చెప్తే ఎందుకండీ. నిన్న మీరు చూసి చెప్పారు. అది నయం."

ఆయన ఫ్యాక్టరీకి నడిచి వెళ్ళాడు. ఆ రోజు ఆయన బల్ల మీదకు ఆరు వందల చొక్కాలు వచ్చాయి. నలభై రెండు వెనక్కి పోయాయి. మిగతా అయిదు వందల యాభై ఎనిమిదింటిని కుట్టింది ఎవరో ఏనాడూ అడగలేదని మధ్యాహ్నం డబ్బా విప్పుతుంటే ఆయనకు తోచింది.

శనివారం ఫ్యాక్టరీ సగం పూట. రెండు గంటలకు ఇంటికి వచ్చాడు. భార్య ఇంట్లో లేదు, కొడుకు లేడు. కోడలు పెరట్లో బట్టలు ఉతుకుతోంది. గుడ్డ అలమరలో పైన ఉంది. బాణాలు తీయకుండానే మడిచి పెట్టింది.

ఆయన చేతులు కడుక్కుని, తుడుచుకుని, గుడ్డను కిటికీ దగ్గర పరిచాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. తప్పు కోసం వెతకడం ఆయనకు వచ్చు. మంచి కోసం ఎలా వెతకాలో తెలియలేదు. తెలిసిన పద్ధతిలోనే మొదలుపెట్టాడు. ఎడమ చేతి మూల నుంచి కుడికి, పై నుంచి కిందికి.

గోధుమ కంకుల్లో ప్రతి గింజకూ ఏడు కుట్లు ఉన్నాయి. ఒక్క గింజకూ ఆరు లేవు. ద్రాక్షగుత్తిని తిరగేసి వెనక వైపు చూశాడు. ముందేది, వెనకేది తెలియలేదు. దారం కొసలు ఎక్కడా లేవు. ప్రతి కొసనూ లోపలికి తోసి దాచింది. ఎవరూ చూడని చోట. బల్ల మీద పరిస్తే ఇక ఎన్నడూ కనబడని చోట. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

ఆ తరవాత అంచులకు వచ్చాడు. మూడు వైపుల మీద మూడు బాణాలు ఉన్నాయి. నాలుగో వైపు ఒక్కదాని మీదే ఎనిమిది. గురువారం చేతులు అంటించినప్పుడు కళ్ళు ఈ లెక్క చూడలేదు. ఇప్పుడు వంగి చూశాడు. నాలుగు కుట్లు సమంగా ఉన్నాయి, అయిదోది పొట్టిగా, పక్కకు వాలి ఉంది. మళ్ళీ నాలుగు, మళ్ళీ ఒక పొట్టిది.

ఏ కుట్టు ఏ చేతిదో చెప్పగలగడం చెకింగ్ మాస్టరు విద్య. ఈ చేయి ఎవరిదో చెప్పడానికి ఆయనకు విద్య అక్కర్లేకపోయింది. తను వేసుకున్న చొక్కా చేతి మడత విప్పి చూశాడు. నాలుగు కుట్లు, ఒక పొట్టిది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయన వేసుకుని తిరుగుతున్న కుట్టు అది.

పెరట్లోకి వెళ్ళాడు. కోడలు దుప్పటి పిండుతోంది. ఆయన దుప్పటి రెండో కొస పట్టుకున్నాడు. ఆమె ఆశ్చర్యంగా చూసి తిప్పింది. ఆయన అటువైపు తిప్పాడు.

"మూడు నీవి," అన్నాడు. "ఎనిమిది నీవి కావు."

కోడలి చేతులు ఆగాయి.

"ఆ అంచు మీ అత్తయ్య కుట్టింది. తప్పులు నావే అన్నావెందుకు?"

"మెల్లగా మాట్లాడండి మామయ్యగారూ." ఆమె గేటు వైపు చూసింది. "ఆవిడకు ఇప్పుడు చూపు ఆనడం లేదు. సూదిలో దారం నేనే ఎక్కించి ఇచ్చాను. ప్రభువు బల్లకు నా చేత్తో ఒక్క అంచైనా కుట్టనీవే అని అడిగారు. నాలుగు రోజులు కుట్టారు. నాలుగు రోజులూ పాడుతూనే ఉన్నారు. ఆ కుట్టు నాకూ కనబడింది. విప్పి నేను వేస్తే గంట పని. కానీ అది విప్పితే ఆ పాటలు విప్పినట్టుంటుంది. నాకు చేతులు రాలేదు."

"మరి సూది ముట్టుకోనన్నావట?"

"అది కోపంలో అన్నాను." దుప్పటి వైపు చూస్తూ అన్నది. "ఆ ఎనిమిదింటికి కాదు. ద్రాక్షగుత్తి మీద మీరు చేయి పెట్టారు. దాటేసి వెళ్ళిపోయారు. ఒక్క క్షణం కూడా ఆగలేదు. అందుకు ఏడుపొచ్చింది."

ఆయన దుప్పటి తీగ మీద వేసి, అంచులు సరిచేసి, ఇటు తిరిగాడు.

"ప్రతి గింజకూ ఏడు కుట్లు," అన్నాడు. "నూట పన్నెండు గింజలు. లెక్కపెట్టాను. వెనక వైపు తిరగేశాను. ముడులు కనబడలేదు. ఇరవై తొమ్మిదేళ్ళలో అలాంటి వెనక వైపు నేను ఇంకొక్కసారే చూశాను. నాకు చెప్పడం రాదమ్మా. చూసినది చెప్తున్నాను."

కోడలు తడి చేతులతోనే ముఖం కప్పుకుంది. కాసేపటికి చేతులు తీసి, "నూట పద్నాలుగు," అన్నది.

"ఏమిటి?"

"గింజలు. ఆకు కింద రెండు దాక్కున్నాయి."

ఇద్దరూ నవ్వారు. పక్కింటామె గోడ మీంచి తొంగి చూసింది. బాణాలాయన పెరట్లో నవ్వడం ఆమె ఎన్నడూ వినలేదు.

"అత్తయ్యగారికి చెప్పొద్దు," అన్నది కోడలు. "మాటివ్వండి."

ఇచ్చాడు.

ఆ సాయంత్రం పూలకుండీ కిటికీలోకి వెళ్ళింది. మిషను మూత తెరుచుకుంది. కోడలు తన మూడు తప్పులూ సరిచేసుకుంది. ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, ఎనిమిది స్టిక్కర్లనూ దారం లేవకుండా గోటితో మెల్లగా తీశాడు. అంచు అలాగే ఉంచారు. ఇంట్లోకి వస్తున్న కొడుకు గుమ్మంలో ఆగి చూశాడు.

"ఒరేయ్," అన్నాడు తండ్రి తలెత్తకుండా. "ఆ గుర్రం మెడ బాగా వేశావు. పరుగులో ఉన్నట్టే ఉండింది."

కొడుకు చెప్పులు విప్పడం మరిచిపోయాడు. "పదిహేనేళ్ళు పట్టింది నాన్నా ఈ మాటకు."

"కాలు మాత్రం పొట్టే."

"తెలుసు నాన్నా," అన్నాడు కొడుకు. అని, చెప్పులతోనే లోపలికి వచ్చి తల్లి చేత తిట్లు తిన్నాడు.

ఆదివారం ఆరాధనకు ముందే వాళ్ళు చర్చికి చేరారు. పాస్టరమ్మగారు, బాణాలాయన చెరో వైపు పట్టుకుని గుడ్డను బల్ల మీద పరిచారు.

"ఏ వైపు ముందుకు రావాలండీ?" అని అడిగింది పాస్టరమ్మగారు. జనానికి కనబడే వైపుకు మంచి అంచు రావాలి. ఏటా కుట్టినవాళ్ళే చెబుతారు.

బాణాలాయన నాలుగు అంచులూ చూశాడు. ఒక అంచు పట్టుకుని ముందుకు తిప్పాడు. "ఇది," అన్నాడు.

కోడలు ఆయన వంక చూసింది. మొదటి వరుసలో కూర్చున్న భార్య కూడా చూసింది. ఏ అంచు ముందుకు వచ్చిందో కూర్చున్న చోటి నుంచే ఆమెకు తెలిసింది. కుట్టు కనబడలేదు గానీ, ఏ మూల నుంచి మొదలుపెట్టిందో ఆమెకు గుర్తుంది.

ఆరాధన మొదలయ్యాక గుడ్డ ఇచ్చిన ఇంటి నుంచి ఒకరు లేచి రెండు మాటలు చెప్పి ప్రార్థన చేయడం అక్కడి అలవాటు. బాణాలాయన లేచాడు. పాటలకు కిటికీలు అదిరించే మనిషి మెల్లగా మొదలుపెట్టాడు.

"నాకు తప్పు చూపడం ఒక్కటే వచ్చు," అన్నాడు. "గురువారం ఈ గుడ్డ మీద మా కోడల్ని నలుగురి ముందూ తక్కువ చేశాను. అందుకని మీ అందరి ముందూ క్షమించమ్మా అంటున్నాను. ఆరాధన అయ్యాక అందరూ వచ్చి ఈ గుడ్డ వెనక వైపు చూడండి. దేవుడికి తప్ప ఎవరికీ కనబడని వైపు. ముందు వైపులాగే ఉంటుంది. ఈ పిల్ల మనసు కూడా అలాగే ఉంటుంది. అది ఎలా తెలిసిందో చెప్పనని మాటిచ్చాను."

"నేను ఇవ్వలేదు," అని భార్య లేచింది.

జనం అటు తిరిగారు.

"ముందుకు పెట్టారే, ఆ అంచు నేను కుట్టింది. వంకర టింకర. నా కుట్టు నాకు తెలియదా? టీ పట్టుకొచ్చేసరికి ఈ పిల్ల గబుక్కున గుడ్డ మడిచేసింది. అప్పుడే అనుకున్నాను, ఆ బాణాలు నావేనని. మూడు రోజులు చూశాను. ఇది నోరు విప్పుతుందేమోనని చూశాను. విప్పలేదు. ఈయనకు కూడా తెలిసిపోయింది, ఈయనా విప్పలేదు. ఇద్దరూ కలిసి నన్ను కాపాడుతుంటే నేను హాయిగా కూర్చోవడమా? ఆ మాట మొదటిరోజే చెప్పాల్సింది. సిగ్గేసింది. దేవునికి స్తోత్రం, ఇప్పుడు సిగ్గు లేదు!"

ముందు నవ్వింది పాస్టరుగారే. ఆ తరవాత చర్చి అంతా నవ్వింది. కోడలు లేచి అత్తగారి భుజం మీద తల పెట్టుకుంది. అత్తగారు ఆ తల నిమురుతూ, "సూది ముట్టుకోనంటే ఊరుకోను, సోమవారం నుంచి కిటికీ దగ్గర బోర్డు పెడుతున్నాం," అన్నది, అందరికీ వినబడేలా. స్త్రీల సమాజం నుంచి ఇద్దరు అప్పటికప్పుడే జాకెట్లు కుట్టాలన్నారు.

"ప్రార్థన చేయండి," అని పాస్టరుగారు బాణాలాయనకు గుర్తుచేశారు.

ఆయన ప్రార్థన అందరికీ తెలుసు. అన్నిటికీ స్తోత్రం ప్రభువా, ఆమెన్. ఎప్పుడూ అంతే. జనం కళ్ళు మూసుకున్నారు. ఆయన మూసుకోలేదు. మూసుకుంటే కనబడరు.

"ప్రభువా, నా భార్య కోసం స్తోత్రం. చూపు ఆనకపోయినా నీ బల్లకు కుట్టింది. నా కొడుకు కోసం స్తోత్రం. పెళ్ళాం పక్షాన నిలబడి తండ్రికి నిజం చెప్పాడు. నా కోడలి కోసం స్తోత్రం." ఊపిరి తీసుకున్నాడు. చూపు మొదటి వరుస ఎడమ చివర నుంచి బయలుదేరింది. "ఈ తాతగారి కోసం స్తోత్రం. మోకాళ్ళు నొప్పైనా లేచి నిలబడి పాడతాడు. ఈ నర్సమ్మ కోసం స్తోత్రం. రాత్రి డ్యూటీ చేసి నిద్రపోకుండా వచ్చింది. ఈ డ్రైవరు కోసం..."

మొదటి వరుస అయింది. రెండోది మొదలైంది. ఎవరికి చెప్పిన మాట వారికే సరిపోయింది. ఒకరిది మరొకరికి పనికిరాదు. పేరు లేకుండా, తమ పనిని బట్టి తమను తాము గుర్తుపట్టినవాళ్ళు ఒక్కొక్కరే కొంగులు, జేబురుమాళ్ళు వెతుక్కున్నారు.

కొడుకు ఒక కన్ను తెరిచాడు. "అమ్మా," అన్నాడు లోగొంతుతో. "నాన్న ఇంకా మూడో వరుసలోనే ఉన్నాడు. మొత్తం పద్నాలుగు వరుసలు."

"కానివ్వరా," అన్నది తల్లి కళ్ళు మూసుకునే. "తొందరేముంది?"

ఆఖరి వరుసలో తలుపు పక్కన ఒక కొత్త మనిషి కూర్చుని ఉన్నాడు. ఆ రోజే మొదటిసారి వచ్చాడు. బాణాలాయన అక్కడికి వచ్చి ఆగిపోయాడు. ఆ మనిషి ఎవరో, ఏం చేస్తాడో ఆయనకు తెలియదు. తల వంచి కూర్చున్న ఆ మనిషిని కాసేపు చూశాడు.

"ఇతని గురించి నాకేమీ తెలియదు ప్రభువా," అన్నాడు. "కానీ తన చెప్పులు విప్పి, దారిలో పడి ఉన్న అందరి చెప్పులూ పక్కకు సర్ది లోపలికి వచ్చాడు. నేను చూశాను. ఇతని కోసం స్తోత్రం. ఆమెన్."

ఆ మనిషి తలెత్తాడు. చర్చి అంతా ఒక్క గొంతుతో ఆమెన్ అన్నది.